30 వేలలో సూపర్‌జూమ్ కెమెరా: ఎన్ని ఎక్స్‌లన్నది తర్వాత చూద్దాం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరులో ఉండే మీ నాన్నగారు రిటైరయ్యాక పొద్దున్నే ఉప్పలపాడు చెరువు దగ్గరికి వెళ్ళి పక్షులను చూడడం అలవాటు చేసుకున్నారు. ఫోన్‌లో తీస్తే పక్షి చుక్కంత పడుతోంది. 30 వేలలో జూమ్ బాగా ఎక్కువున్న కెమెరా కొనివ్వాలనుకుంటున్నారు. దాంతోనే చంద్రుణ్ణి తీయాలి, స్కూల్ వార్షికోత్సవంలో మనవరాలి డాన్సూ తీయాలి. షాపతను 60ఎక్స్ చాలన్నాడు, ఆన్‌లైన్‌లో 125ఎక్స్ కనిపించింది, ఏది కొనాలని అడిగారు.

ముందే ఒక మాట చెప్పేస్తానండీ. మీరు చెప్పిన మూడు పనుల్లో పక్షులూ చంద్రుడూ ఒక కెమెరాకు సరిపోతాయి. స్టేజి మీద డాన్సు మాత్రం దానికి పూర్తిగా ఎదురు దిశలో ఉంటుంది. 30 వేలలో ఈ మూడూ బాగా చేసే కెమెరా లేదు. దేన్ని వదులుకోవాలో ముందే తేల్చుకుంటే మిగతాది తేలిక. నా సలహా డాన్సును వదిలేయమనే. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను.

మొదట ఈ "ఎక్స్" సంగతి చూద్దాం. 60ఎక్స్ అంటే 60 రెట్లు దగ్గరగా కనిపిస్తుందని కాదు. లెన్స్ అతి తక్కువ జూమ్‌కీ అతి ఎక్కువ జూమ్‌కీ మధ్య నిష్పత్తి, అంతే. పానాసోనిక్ ఎఫ్‌జెడ్82 కూడా 60ఎక్సే, నికాన్ బీ600 కూడా 60ఎక్సే. పానాసోనిక్ 20 ఎంఎం దగ్గర మొదలై 1200 ఎంఎం దగ్గర ఆగుతుంది. నికాన్ 24 దగ్గర మొదలై 1440 వరకూ పోతుంది. పక్షుల కోసం కొనేవాళ్ళు చూడాల్సింది ఆ చివరి అంకె. దాన్ని "35 ఎంఎం ఈక్వివలెంట్" అని రాస్తారు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న ఎక్స్‌ను వదిలేసి, స్పెసిఫికేషన్లలో చిన్న అక్షరాల్లో ఉండే ఈ అంకె వెతకండి. పోలిక కోసం చెబుతున్నా, ఫోన్లలో 5ఎక్స్ టెలిఫోటో అంటే ఈ కొలతలో సుమారు 120 ఎంఎం. అందుకే మీ నాన్నగారి ఫోటోల్లో పక్షి చుక్కంతే ఉంటోంది. 1200 అంటే దానికి పది రెట్లు.

ఇక 125ఎక్స్ కెమెరా. అది నికాన్ పీ1000, 2018లో వచ్చింది. 24 నుంచి 3000 ఎంఎం. 2025లో అదే లెన్స్‌తో పీ1100 తెచ్చారు. రెండూ మీ బడ్జెట్‌కు చాలా దూరం. డబ్బు సంగతి పక్కన పెట్టినా దాని బరువు 1,400 గ్రాములు దాటుతుంది. రిటైరైన మనిషి మెడలో వేసుకుని గట్టు మీద గంటసేపు తిరగాల్సిన వస్తువు కాదది. నేనైతే మీ నాన్నగారికి అది ఉచితంగా వస్తున్నా వద్దంటాను. రెండో వారంలో బీరువాలోకి వెళ్ళిపోతుంది.

అసలు విషయం ఇప్పుడు. కెమెరా కంపెనీలు చెప్పే 1200, 2000 అనే అంకెలు నిజం ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి బొమ్మ పడే చోటి దాకా ఉండే దూరం) కాదు. వీటిలో సెన్సర్, అంటే బొమ్మ పడే చిప్, చిన్నది, సుమారు 6.2 ఎంఎం వెడల్పు, 4.6 ఎంఎం ఎత్తు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. అంత చిన్న చోట బొమ్మ పడుతోంది కాబట్టి చిన్న లెన్స్‌తోనే పెద్ద జూమ్ వచ్చినట్టు ఉంటుంది. ఉదాహరణకు కెనాన్ ఎస్ఎక్స్70 హెచ్ఎస్‌ను 1365 ఎంఎం అంటారు గానీ, దాని లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 247 ఎంఎం. డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) కొన్నవాళ్ళలో చాలామంది దగ్గర ఉండే కెనాన్ 55-250 లెన్స్ కూడా దాదాపు అంతే. అంటే ఒకే చోట నిలబడి ఈ రెండిటితో ఒకే కొంగను తీస్తే, సెన్సర్ మీద పడే కొంగ బొమ్మ రెండిట్లోనూ ఒకే సైజు. డీఎస్ఎల్ఆర్ సెన్సర్ పెద్దది కాబట్టి కొంగ చుట్టూ బోలెడంత ఖాళీ కూడా వస్తుంది. సూపర్‌జూమ్ ఆ ఖాళీని కత్తిరించేసి, కొంగ ఉన్న ముక్కను మాత్రమే చిన్న చిన్న పిక్సెల్స్‌గా చేసి ఇస్తుంది.

ఇది మోసమేమీ కాదు. మంచి ఎండలో ఆ చిన్న పిక్సెల్స్ పనికొస్తాయి, ఈకల వివరం డీఎస్ఎల్ఆర్ ఫోటోను కత్తిరించిన దానికంటే బాగానే రావచ్చు. వెలుతురు తగ్గేకొద్దీ మాత్రం కథ తిరగబడుతుంది.

కాబట్టి నేను కెమెరాలను పోల్చేటప్పుడు ఒక చిన్న లెక్క వేస్తాను. అసలు ఫోకల్ లెంగ్త్‌ను ఆ జూమ్ దగ్గరున్న ఎఫ్ నంబరుతో (ఇది ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు వదులుతుంది) భాగిస్తే, వెలుతురు లోపలికి వచ్చే ద్వారం ఎంత వెడల్పో తెలుస్తుంది. దూరాన ఉన్న పక్షి నుంచి ఎంత వెలుతురు పట్టుకోగలదో చెప్పేది ఆ వెడల్పే. ఎస్ఎక్స్70కి 247ను 6.5తో భాగిస్తే 38 ఎంఎం. పానాసోనిక్ ఎఫ్‌జెడ్82కి 215ను 5.9తో భాగిస్తే 36. నికాన్ పీ900కీ, దాని తర్వాత వచ్చిన పీ950కీ 357ను 6.5తో భాగిస్తే 55. వెలుతురు వైశాల్యాన్ని బట్టి వస్తుంది కాబట్టి 38కీ 55కీ మధ్య తేడా రెండింతలు. పీ900 ఎందుకంత బరువో, పక్షుల వాళ్ళు దాన్ని ఎందుకంతగా పొగుడుతారో ఈ ఒక్క లెక్కతో అర్థమైపోతుంది. షాపులో సేల్స్‌మన్ చెప్పే ఏ మాట కంటే ఈ భాగహారం నమ్మదగింది. అసలు ఫోకల్ లెంగ్త్ ఎంతో చాలా కెమెరాల లెన్స్ అంచు మీదే రాసి ఉంటుంది.

మెగాపిక్సెల్స్ గురించి ఎక్కువ చెప్పను. ఈ చిన్న సెన్సర్లలో 16 ఉన్నా 20 ఉన్నా ఫుల్ జూమ్‌లో తేడా కనిపించదు. 16 మెగాపిక్సెల్స్‌కు ఒక్కో పిక్సెల్ సుమారు 1.34 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎఫ్ 6.5 దగ్గర ఎంత మంచి గాజు పెట్టినా వెలుతురు చుక్క 8 మైక్రాన్లకు పైగా పరుచుకుంటుంది. అంటే ఒక చుక్క ఆరేడు పిక్సెల్స్ వెడల్పున పడుతుంది. పిక్సెల్స్ ఇంకా పెంచినా కొత్త వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు వెలుతురు లెక్క, డాన్సు సంగతి ఇందులోనే తేలిపోతుంది. నడి ఎండలో ఫుల్ జూమ్‌లో, ఎఫ్ 6.5 దగ్గర, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100లోనే షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/500 సెకను వస్తుంది. కదలకుండా కూర్చున్న పక్షికి అది చాలు. అదే పక్షి చెట్టు నీడలో ఉంటే వెలుతురు నాలుగు స్టాపులు, అంటే 16 రెట్లు పడిపోవచ్చు. అప్పుడు అదే షట్టర్ స్పీడు కావాలంటే ఐఎస్ఓ 1600కి పోవాలి. ఈ చిన్న సెన్సర్లలో 1600 దగ్గర ఈకలు ఈకల్లా ఉండవు, నీళ్ళ రంగులు కారినట్టు అలుక్కుపోతాయి. స్కూల్ స్టేజి మీద వెలుతురు నీడ కంటే కూడా చాలా తక్కువ. మామూలు స్టేజి లైట్లలో, పిల్ల చేతులు కదిలిస్తుంటే కనీసం 1/200 కావాలి, దానికి ఎఫ్ 6.5 దగ్గర ఐఎస్ఓ 6400 దాకా పోవాల్సి వస్తుంది. కొన్ని సూపర్‌జూమ్‌లలో ఆ అంకె మెనూలోనే ఉండదు. ఉన్నా దాంతో తీసిన ఫోటో ఎవరికీ చూపించలేం. "యాంటీ షేక్ ఉందిగా" అంటారు షాపుల్లో. అది మన చేతి వణుకును ఆపుతుంది గానీ పిల్ల గెంతును ఆపదు.

డాన్సుకు దారి లేకపోలేదు. ముందు వరుసలో సీటు సంపాదించి ఫోన్‌లో తీయండి, మామూలు సూపర్‌జూమ్ కంటే బాగా వస్తుంది. లేదూ, జూమ్ బాగా తగ్గించి లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర ఉండేలా చూసుకుని ముందుకు వెళ్ళి తీయండి.

ఒక మినహాయింపు ఉంది. పానాసోనిక్ ఎఫ్‌జెడ్300, 2015 నాటిది. 25 నుంచి 600 ఎంఎం, మొదటి నుంచి చివరి దాకా ఎఫ్ 2.8. వానజల్లుకూ దుమ్ముకూ తట్టుకునే బాడీ. అదే స్టేజి మీద దానికి ఐఎస్ఓ 1200 చిల్లర సరిపోతుంది. ఫోటో మరీ గొప్పగా ఉండదు గానీ ఉంచుకోదగినట్టు ఉంటుంది. దానికంటే మెరుగైనది పానాసోనిక్ ఎఫ్‌జెడ్1000, 2014లో వచ్చింది. ఒక అంగుళం సెన్సర్, అంటే 13.2 బై 8.8 ఎంఎం, చిన్న సెన్సర్‌కు నాలుగు రెట్లు వైశాల్యం. లెన్స్ 25 నుంచి 400, ఎఫ్ 2.8 నుంచి 4. మీ ఇంట్లో ఫంక్షన్లే ఎక్కువై, పక్షులు ఎప్పుడో ఒకసారి అయితే సెకండ్ హ్యాండ్‌లో ఈ రెండిట్లో ఒకటి వెతకమనేవాణ్ణి. సోనీ ఆర్ఎక్స్10 సిరీస్‌లో మూడోది, నాలుగోది ఈ కోవలో అన్నిటికంటే మంచివి. 600 ఎంఎం దగ్గర కూడా ఎఫ్ 4. వాటి ధర మాత్రం అడగొద్దు.

ఉప్పలపాడుకు వద్దాం. మీ నాన్నగారి అదృష్టం ఏమిటంటే అక్కడి చెరువులు చిన్నవి. పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు పెట్టే తుమ్మచెట్లు నీళ్ళ మధ్యలో ఉన్నా గట్టుకు మరీ దూరం కావు. పక్షులు కూడా పెద్దవి. 50 మీటర్ల దూరంలో 1200 ఎంఎం జూమ్ పెడితే ఫ్రేములో పట్టేది ఒకటిన్నర మీటరు వెడల్పు. పెలికాన్ రెక్కలు విప్పితే అందులో పట్టదు. కాబట్టి అక్కడికి 1200 ధారాళంగా సరిపోతుంది. 2000, 3000 అవసరం లేదు. కొల్లేరు మీద ఆటపాకలో పడవ ఎక్కితే పక్షులు ఇంకా దగ్గరే. పులికాట్‌లో ఫ్లెమింగోలు అలా కాదు, రోడ్డు నుంచి చాలా దూరంగా గులాబీ గీతలా నిలబడతాయి. అక్కడ 1200 చాలదనిపిస్తుంది. కానీ 3000 ఉన్నా చాలదు, ఎందుకంటే అక్కడ అడ్డుపడేది జూమ్ తక్కువ కావడం కాదు, గాలి.

ఈ గాలి గురించి ఏ రివ్యూలోనూ సరిగ్గా చెప్పరు. ఎండ ఎక్కాక నేలా నీళ్ళూ వేడెక్కి పైకి లేచే గాలి వెలుతురును వంకర తిప్పుతుంది. వేసవిలో తారు రోడ్డు మీద దూరాన మెరుపులా ఊగేది అదే. ఆ గాలిలోంచి ఎంత జూమ్ చేస్తే ఆ ఊగుడు కూడా అంత పెద్దదవుతుంది. ఫోటో మసగ్గా వస్తే మనం కెమెరాను తిడతాం, సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్తాం. కెమెరాలో ఏ లోపమూ ఉండదు. మన వైపు శీతాకాలంలో తప్ప పొద్దున తొమ్మిది, పది దాటాక దూరపు ఫోటోలు ఆశించకూడదు. అదృష్టవశాత్తూ పక్షులు చురుగ్గా ఉండేదీ, ఎండ పక్కనుంచి మెత్తగా పడేదీ కూడా ఆ లోపే. మీ నాన్నగారు ఎలాగూ పొద్దున్నే వెళ్తున్నారు కాబట్టి సగం పని అయిపోయినట్టే. సూర్యుడు వీపు వైపు ఉండేలా గట్టు మీద ఎక్కడ నిలబడాలో చూసుకోమనండి. పెలికాన్ తెల్లటి పక్షి, ఎదురెండలో నల్లటి బొమ్మలా పడుతుంది.

కొత్తగా సూపర్‌జూమ్ పట్టినవాళ్ళకు వచ్చే అసలు కష్టం ఇంకోటి ఉంది: పక్షి దొరక్కపోవడం. 1200 ఎంఎం దగ్గర కెమెరా చూసేది ఆకాశంలో ఒకటిన్నర డిగ్రీలకు కాస్త ఎక్కువ. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే ఆ వేలి వెడల్పు రెండు డిగ్రీలు, అంటే ఫ్రేము మొత్తం ఆ వేలి కంటే సన్నం. 2000 దగ్గర ఆ వేలి వెడల్పులో సగం. కొమ్మ మీద లకుముకి పిట్టను కంటితో చూస్తూనే ఉంటాం, కెమెరాలో మాత్రం ఆకులు, ఆకులు, ఇంకా ఆకులు. వెతికేలోపు అది ఎగిరిపోతుంది. అందుకే ఒక్క నొక్కుడుతో జూమ్ వెనక్కి పోయి, వదలగానే మళ్ళీ ముందుకొచ్చే బటన్ చాలా ముఖ్యం. కెనాన్‌లో దాన్ని ఫ్రేమింగ్ అసిస్ట్ అంటారు, నికాన్ పీ900, పీ950లలో లెన్స్ పక్కన స్నాప్‌బ్యాక్ జూమ్ బటన్ ఉంటుంది. స్పెసిఫికేషన్లలో ఇది ఏ మూలనో ఉంటుంది గానీ, వాడేవాళ్ళకు 60ఎక్స్ కంటే 65ఎక్స్ మేలా అన్న చర్చ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

దానికి జతగా వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ, ఉండి తీరాలి. వెనక స్క్రీన్ మాత్రమే ఉన్న కెమెరా ఎండలో అద్దంలా మన మొహమే చూపిస్తుంది. పైగా చేతులు చాచి పట్టుకోవాలి, వణుకు ఎక్కువ. కంటికి ఆనించి పట్టుకుంటే మొహం కూడా ఒక ఆనిక. ఈ ఒక్క కారణంతో నికాన్ బీ500, బీ600, కెనాన్ ఎస్ఎక్స్430 లాంటివి నేను పక్షుల కోసం అడిగేవాళ్ళకు చెప్పను. వాటికి వ్యూఫైండర్ లేదు. ధర తక్కువగా కనిపిస్తాయి గానీ ఆ తక్కువకు కారణం ఇదే. నాన్నగారికి కళ్ళద్దాలు ఉంటే వ్యూఫైండర్ పక్కనుండే చిన్న చక్రం తిప్పి చూపు సరిచేయించండి. చాలామంది ఆ చక్రం ఉందని తెలియక, కెమెరా మసక అని షాపులోనే వదిలేసి వస్తారు.

సరే, ఏది కొనాలి?

కొత్తదే కావాలి, బిల్లూ వారంటీ ఉండాలి అంటే నా మొదటి ఓటు పానాసోనిక్ ఎఫ్‌జెడ్82కి. కొన్ని దేశాల్లో దీన్నే ఎఫ్‌జెడ్80 అంటారు, కంగారు పడకండి. 2017లో వచ్చింది. 20 నుంచి 1200 ఎంఎం, చివర కూడా ఎఫ్ 5.9, రా ఫోటోలు (తర్వాత ఎడిట్ చేసుకునేందుకు కెమెరా మార్పులు చేయకుండా దాచేవి), 4కే వీడియో ఉన్నాయి. 4కే ఫోటో అని ఒక పద్ధతి ఉంది, సెకనుకు 30 ఫ్రేముల వీడియోలోంచి నచ్చిన ఫ్రేమును 8 మెగాపిక్సెల్స్ ఫోటోగా తీసుకోవచ్చు. పెలికాన్ నీళ్ళ మీద దిగేటప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుంది. దీని పెద్ద లోపం వ్యూఫైండర్, మరీ చిన్నది, గరుకుగా ఉంటుంది. 2024లో పేరు చివర "డీ" చేర్చి తెచ్చిన కొత్త మోడల్‌లో ఆ వ్యూఫైండర్‌ను బాగుచేశారు, యూఎస్‌బీ-సీ కూడా పెట్టారు. లెన్సూ సెన్సరూ పాతవే. మీ బడ్జెట్‌కు కాస్త అటూ ఇటూగా "డీ" దొరికితే ఆ తేడా పెట్టేయండి, కళ్ళద్దాలు పెట్టుకునే మనిషికి అది దండగ ఖర్చు కాదు.

కెనాన్ ఎస్ఎక్స్70 కొత్తది 30 వేలకు రాదు. వాడినది మంచి స్థితిలో వస్తే తీసుకోవచ్చు. 610 గ్రాములే, వ్యూఫైండర్ బాగుంటుంది, పట్టు బాగుంటుంది, స్క్రీన్ అన్ని వైపులా తిరుగుతుంది. రంగులు కెనాన్ రంగులు, ఎడిటింగ్ తెలియనివాళ్ళకు నేరుగా నచ్చుతాయి.

పక్షులే ప్రాణం, బరువు ఫర్వాలేదంటే వాడిన నికాన్ పీ900. 2015 నాటిది, 899 గ్రాములు, 2000 ఎంఎం. రా లేదు, ఆటోఫోకస్ ఇప్పటి లెక్కలో నిదానం. అయినా ఆ 55 ఎంఎం ద్వారం ఇప్పటికీ ఈ ధరలో ఇంకెవరూ ఇవ్వలేదు. పీ950 అదే లెన్స్‌కు రా, 4కే, మంచి వ్యూఫైండర్ చేర్చినది. సెకండ్ హ్యాండ్‌లో కూడా 30 వేలకు కష్టం.

సోనీ హెచ్ఎక్స్400వీ, 2014ది, 1200 ఎంఎం. రా లేదు. మంచి కండిషన్‌లో చవగ్గా వస్తే సరే, లేకపోతే వెంటపడాల్సినది కాదు. కొడక్ పిక్స్‌ప్రో పేరుతో వచ్చేవి పాత కొడక్ కంపెనీవి కావు, ఆ పేరును లైసెన్సుకు తీసుకుని వేరే సంస్థ చేస్తున్నవి. నిజమైన ఆప్టికల్ జూమే ఉంటుంది, బొమ్మ నాణ్యత మాత్రం పైవాటి కంటే ఒక మెట్టు కింద.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఐదారు వేలకు "4కే, 48 మెగాపిక్సెల్స్, 16ఎక్స్ జూమ్" అని పేరూ ఊరూ లేని కెమెరాలు వస్తున్నాయి. వివరాల్లో 16ఎక్స్ పక్కన "డిజిటల్" అని చిన్నగా ఉంటుంది. డిజిటల్ జూమ్ అంటే ఫోటోను కత్తిరించి సాగదీయడమే. దాని కంటే మీ ఫోనే మేలు.

సెకండ్ హ్యాండ్ అనగానే భయపడతారు గానీ, సూపర్‌జూమ్ కెమెరాలను చాలామంది ఉత్సాహంగా కొని, నాలుగు చంద్రుళ్ళు తీసి, పక్కన పడేస్తారు. అందుకే కొత్తలా ఉన్నవి బాగానే దొరుకుతాయి. అయితే డీఎస్ఎల్ఆర్‌కు లేని ఒక చిక్కు వీటికి ఉంది: లెన్స్ ఊడదు. లెన్స్ పాడైతే కెమెరా మొత్తం పాడైనట్టే. రిపేరు ఖర్చు ఒక్కోసారి కెమెరా ధరకు దగ్గరగా వస్తుంది. చేతికి తీసుకోగానే ఆన్ చేసి లెన్స్‌ను చివరి దాకా బయటికీ లోపలికీ పదిసార్లు నడిపించండి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఒకే రకం మోటారు శబ్దం ఉండాలి. ఎక్కడైనా గరగరమన్నా, ఆగి మళ్ళీ కదిలినా వద్దు. తర్వాత ఫుల్ జూమ్‌లో ఖాళీ ఆకాశాన్నో తెల్లగోడనో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. బూడిదరంగు మచ్చలు ఉంటే సెన్సర్ మీద దుమ్ము చేరిందన్నమాట. ముందుకూ వెనక్కీ కదిలే ఈ లెన్సులు గాలితో పాటు దుమ్మునూ లాక్కుంటాయి, దాన్ని మనం ఇంట్లో తుడుచుకోలేం. చివరగా ఫోన్ టార్చ్ లెన్స్‌లోకి ఏటవాలుగా వేసి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. మన కోస్తా తేమలో డబ్బాలో పెట్టి మర్చిపోయిన కెమెరాలకు ఇది మామూలే. కొన్నాక మీరు కూడా సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి, తోలు సంచిలో వద్దు.

బ్యాటరీ కూడా అడగండి. పీ900కి ఈఎన్-ఈఎల్23, ఎస్ఎక్స్70కి ఎల్‌పీ-ఈ12. పాత కెమెరా అయితే బ్యాటరీ కూడా అంతే పాతది, కొత్తదానికి డబ్బు పక్కన పెట్టుకోండి. హైదరాబాద్ వస్తే కోఠీ గుజరాతీ గల్లీలో కెమెరా షాపులన్నీ ఒకచోటే ఉంటాయి, నాలుగు షాపులు తిరిగి చేతిలో పట్టుకుని చూడొచ్చు. అక్కడ కొత్తది తీసుకుంటే మాత్రం కంపెనీ ఇండియా వారంటీ కార్డు ఉందా, షాపు వారంటీయేనా అని బిల్లు రాయకముందే అడగండి. ధరలో తేడా సాధారణంగా అక్కడే ఉంటుంది.

డీఎస్ఎల్ఆర్ సంగతి కూడా చెప్పాలి, ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెప్తారు కాబట్టి. వాడిన కెనాన్ బాడీ, 55-250 లెన్స్ మీ డబ్బుకు దొరుకుతాయి. నీడలో, సాయంత్రం, ఎగిరే పక్షులకు, స్టేజికి అది సూపర్‌జూమ్ కంటే చాలా మెరుగు. సెన్సర్ వైశాల్యం పదకొండు రెట్లు పైన. మీకో, మీ తమ్ముడికో అయితే నేను అదే చెప్పేవాణ్ణి. కానీ పక్షి ఫ్రేములో చిన్నగా పడుతుంది, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో కత్తిరించుకోవాలి, ఆ పని ఆనందంగా చేసేవాళ్ళకే అది. తీసిన వెంటనే స్క్రీన్ మీద పక్షి నిండుగా కనిపించాలి, ఇంటికెళ్ళే లోపు వాట్సాప్‌లో పెట్టాలి అనుకునే పెద్దవాళ్ళకు సూపర్‌జూమే సుఖం.

కొన్నాక మొదటిరోజే రెండు మూడు సెట్టింగులు మీరే పెట్టి ఇవ్వండి. డిజిటల్ జూమ్ ఆఫ్ చేయండి, లేకపోతే ఆప్టికల్ జూమ్ ఎక్కడ అయిపోయిందో ఆయనకు తెలియదు. ఆటో ఐఎస్ఓకు పైహద్దు 800 పెట్టండి. మోడ్ డయల్ షట్టర్ ప్రయారిటీలో పెట్టి, కూర్చున్న పక్షికి 1/500, ఎగిరేదానికి 1/1000 అని చీటీ రాసివ్వండి. ఫోకస్ పాయింట్ మధ్యలో ఒకటే ఉంచండి, కెమెరాకు వదిలేస్తే పక్షిని వదిలి ముందున్న కొమ్మను పట్టుకుంటుంది. ట్రైపాడ్ కంటే మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) నయం, గట్టు మీద మోయడం తేలిక. అదీ లేకపోతే గోడ మీదో కారు కిటికీ మీదో మడతపెట్టిన తువ్వాలు వేసి దాని మీద లెన్స్ ఆనించినా చాలు.

చంద్రుడి గురించి. 1200 ఎంఎం దగ్గర చంద్రుడు ఫ్రేము ఎత్తులో సగం కంటే కొంచెం తక్కువ ఉంటాడు, 2000 దగ్గర మూడింట రెండొంతులు, 3000 దగ్గర పైనా కిందా తెగిపోతాడు. అందుకే చంద్రుడి కోసం కూడా 3000 అక్కర్లేదంటాను. ఆటోలో పెడితే నల్లటి ఆకాశం చూసి కెమెరా తడబడుతుంది, చంద్రుడు తెల్ల బిళ్ళలా పడతాడు. మాన్యువల్‌లో ఐఎస్ఓ 100, షట్టర్ 1/250 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరపండి. చంద్రుడు మనం అనుకున్నదానికంటే బాగా వెలుగుతాడు, ఎండలో ఉన్న రాయే కదా. రెండు సెకన్ల సెల్ఫ్ టైమర్ పెడితే బటన్ నొక్కిన కుదుపు కూడా పోతుంది. ఒక చిన్న చిట్కా: అందరూ పున్నమి నాడు తీస్తారు, ఆ రోజు వెలుతురు నేరుగా పడి గుంటలు ఏవీ కనిపించవు. శుద్ధ అష్టమి దగ్గర, సాయంత్రమే నెత్తిమీద సగం చంద్రుడు ఉంటాడు. వెలుగూ చీకటీ కలిసే ఆ గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడి స్పష్టంగా వస్తాయి. అయితే ఇదే ఉత్సాహంతో సూర్యుడి మీదికి మాత్రం ఎప్పుడూ తిప్పొద్దనండి. ఫుల్ జూమ్‌లో సెన్సర్ కాలిపోతుంది.

మెమరీ కార్డు దగ్గర పొదుపు చేయకండి. 4కే కోసం యూ3 అని రాసి ఉన్న 64 జీబీ కార్డు మంచి షాపులో తీసుకోండి, నకిలీలు ఎక్కువ. ఎఫ్‌జెడ్82 "డీ" మీ ఊళ్ళో ఎంత చెబుతున్నారో, వాడిన పీ900 ఏదైనా కనబడిందో కనుక్కుని ఇక్కడ రాయండి. సెకండ్ హ్యాండ్ అయితే ఫుల్ జూమ్‌లో తెల్లగోడ ఫోటో ఒకటి కత్తిరించకుండా జతచేస్తే, కొనొచ్చో లేదో చూసి చెప్తాను.